మీటర్ సున్నా చూపిస్తున్నా ఎక్స్‌పోజర్ ఎందుకు తప్పుతోంది?

నీడపట్టు:

అందరికీ నమస్కారం. లైట్ మీటరింగ్‌ను మొదటి నుంచి పద్ధతిగా నేర్చుకోవాలని ఉంది. మిర్రర్‌లెస్ ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 50 మి.మీ. లెన్స్, మాన్యువల్ మోడ్, మ్యాట్రిక్స్ మీటరింగ్ వాడుతున్నాను. వ్యూఫైండర్‌లో స్కేలు సరిగ్గా సున్నా మీదకు వచ్చేదాకా షట్టర్ తిప్పి తీస్తే వచ్చిన ఫలితాలు ఇవి: తెల్ల గుడ్డ మీద తెల్ల కప్పు పెడితే రెండూ మాసిపోయినట్టు బూడిద రంగులో వస్తున్నాయి. నల్ల గుడ్డ మీద నల్ల లెన్స్ పెడితే నలుపు వెలిసిపోతోంది. కిటికీకి వీపు పెట్టి కూర్చున్న మనిషి ముఖం దాదాపు చీకటి. మూడుసార్లూ స్కేలు సున్నానే.

డోమ్ (తెల్లని అర్ధగోళపు మూత) ఉన్న చేతి మీటర్ కూడా ఉంది. ముదురు గోధుమ రంగు చెక్క బల్ల దగ్గర ఐఎస్ఓ (వెలుగుకు సున్నితత్వం) 400, ఎఫ్/5.6 (లెన్స్ రంధ్రం అంకె) పెట్టి చూస్తే చేతి మీటర్ 1/60 అంటుంది, బల్లవైపు తిప్పిన కెమెరా 1/25 అంటుంది. 1⅓ స్టాపు తేడా (వెలుగు రెట్టింపైనా సగమైనా ఒక స్టాపు). ఏది నమ్మాలి? ఫ్రేములో చిన్న చోటును మాత్రమే కొలిచే స్పాట్ మీటరింగ్ ఎప్పుడు పనికొస్తుంది? మీటర్ పని చేయని పాత ఫిల్మ్ కెమెరాతో నెగటివ్ ఫిల్మ్ కూడా తీయాలి కాబట్టి "రా ఫైల్‌లో తర్వాత సరిచేసుకోవచ్చు" అనే జవాబు నాకు సరిపోదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరా?

మధ్యబూడిద:

నీడపట్టు గారూ, మీ మీటర్‌లో లోపం లేదండీ. కెమెరా మీటర్ వస్తువు మీద పడే వెలుగును చూడలేదు, వస్తువు మీద పడి తిరిగి వచ్చే వెలుగునే చూస్తుంది. తిరిగొచ్చే వెలుగు తక్కువగా ఉంటే అక్కడ వెలుగే తక్కువా, లేక వస్తువే నల్లగా ఉందా అన్నది దానికి తెలిసే దారి లేదు. అందుకే ఎదురుగా ఉన్నది మధ్యస్థమైన బూడిద అని ఊహించుకుని లెక్క వేస్తుంది. స్కేలు సున్నా దగ్గర ఉందంటే "నేను చూసిన చోటు ఫొటోలో మధ్యస్థ బూడిదగా వస్తుంది" అని అర్థం, అంతకుమించి ఏమీ లేదు. అది "సరైన ఎక్స్‌పోజర్" అనే గుర్తు కాదు. మీటరింగ్ అంతా ఈ ఒక్క విషయం మీదే నిలబడింది.

అంకెల్లో చూస్తే ఇంకా తేలిక. ఫొటోగ్రఫీలో మధ్యస్థ బూడిద అంటే 18 శాతం వెలుగును తిప్పి పంపే ఉపరితలం. 18కి రెట్టింపు 36, దానికి రెట్టింపు 72. తెల్ల గుడ్డ 80 శాతం పైనే పంపుతుంది, అంటే మధ్యస్థ బూడిద కంటే రెండు స్టాపులు పైన ఉంది. కిందికి వస్తే 18లో సగం 9, అందులో సగం 4.5. మామూలు నల్ల గుడ్డ ఆ చుట్టుపక్కలే ఉంటుంది, అంటే రెండు స్టాపులు కింద. మీ తెల్ల కప్పును మీటర్ రెండు స్టాపులు కిందికి లాగింది, నల్ల లెన్స్‌ను రెండు స్టాపులు పైకి ఎత్తింది.

కాబట్టి తెల్ల గుడ్డ ఫ్రేము నిండా ఉంటే స్కేలు +1⅔, +2 మధ్య నిలిచేలా షట్టర్ నెమ్మదించండి. నల్లదైతే -1½ నుంచి -2. మాన్యువల్ మోడ్‌లో చాలా కెమెరాల్లో కాంపెన్సేషన్ డయల్ (మీటర్ లెక్కకు పైనా కిందా సవరణ చెప్పేది) ఎక్స్‌పోజర్‌ను మార్చదు. మీరే స్కేలును ఆ అంకె దగ్గర వదిలేయాలి. ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. ఆటో ఐఎస్ఓ ఆన్‌లో ఉంటే మీరు షట్టర్ తిప్పిన ప్రతిసారీ కెమెరా ఐఎస్ఓ మార్చి మళ్లీ సున్నాకు తెచ్చేస్తుంది. "నేను మారుస్తున్నా వెలుగు మారడం లేదు" అని కొత్తవాళ్లు అడిగితే చాలావరకు కారణం ఇదే. నేర్చుకునేటప్పుడు ఆటో ఐఎస్ఓ ఆపేయండి.

మ్యాట్రిక్స్‌ను కూడా కొన్నాళ్లు పక్కన పెట్టండి. 1983లో నికాన్ ఎఫ్ఏతో మొదలైన ఈ పద్ధతి ఫ్రేమును భాగాలుగా విడగొట్టి, దృశ్యం ఎలాంటిదో ఊహించి, తనే కొంత సవరణ చేస్తుంది. ఇప్పటి కెమెరాల్లో ఫోకస్ పాయింట్ ఎక్కడుందో, ముఖం ఉందో లేదో కూడా లెక్కలోకి తీసుకుంటుంది. హడావుడిలో తీసేటప్పుడు చాలా మంచి సాధనమే. కానీ అది ఎంత సవరించిందో మీకు చెప్పదు కాబట్టి దాని పైన మీరు +2 కలిపితే ఒకే సవరణ రెండుసార్లు పడొచ్చు. స్పాట్ గానీ సెంటర్ వెయిటెడ్ (ఫ్రేము మధ్య భాగానికి ఎక్కువ విలువ ఇచ్చేది) గానీ అలా ఊహించవు, చూసింది చూసినట్టు చెబుతాయి.

మొదటి సాధన ఇలా చేయండి. సాదా తెల్ల గోడ, దాని మీద అంతటా సమానంగా పడే వెలుగు, వీలైతే నీడలో. గోడ గీతలు కనిపించకుండా మాన్యువల్ ఫోకస్‌ను ఇన్ఫినిటీకి తిప్పి, ఫ్రేము నిండా గోడే ఉండేలా నిలబడండి. బేస్ ఐఎస్ఓలో మీటర్ సున్నాకు తెచ్చి ఒకటి తీయండి. హిస్టోగ్రామ్‌లో (నలుపు నుంచి తెలుపు దాకా వెలుగు ఎలా పరుచుకుందో చూపే గ్రాఫ్) ఒకే సన్నని గుట్ట, దాదాపు మధ్యలో కనిపిస్తుంది. తర్వాత మూడో వంతు స్టాపు చొప్పున పెంచుకుంటూ +4 దాకా వెళ్లండి. ఏ అంకె దగ్గర హైలైట్ హెచ్చరిక (మరీ తెల్లబడి వివరం పోయిన చోటును చూపే గుర్తు) మిణుకుమంటుందో రాసుకోండి. చాలా కెమెరాల్లో అది +2½, +3½ మధ్య ఎక్కడో పడుతుంది. అదే మీ కెమెరా పైకప్పు. ఇక తెల్లని వస్తువులో నేత (ఉపరితలం మీది సన్నని వివరం) కనిపించాలంటే దాన్ని ఈ పైకప్పు కంటే కనీసం ముప్పావు స్టాపు కింద ఉంచాలి. ఈ ఒక్క అంకె తెలిస్తే స్పాట్ మీటర్‌తో చేసే పని సగం అయిపోయినట్టే.

ఒక డిగ్రీ:

మధ్యబూడిద గారు చెప్పినదానికి కొనసాగింపుగా స్పాట్ గురించి.

కెమెరాలో స్పాట్ అంటే నిజంగా చుక్క కాదు. ఫ్రేములో 1.5 నుంచి 5 శాతం దాకా కెమెరాను బట్టి ఉంటుంది. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ మీద 4 మి.మీ. వృత్తం అనుకుంటే అది 1.5 శాతం. మీ 50 మి.మీ. లెన్స్‌తో ఆ వృత్తం 4.6 డిగ్రీల కోణాన్ని చూస్తుంది, 200 మి.మీ. లెన్స్‌తో 1.1 డిగ్రీ. చేతి స్పాట్ మీటర్లు సాధారణంగా 1 డిగ్రీ చూస్తాయి. అయిదు మీటర్ల దూరంలో అది దాదాపు 9 సెం.మీ. వెడల్పు. అయిదు మీటర్ల దూరంలో నిలబడి 50 మి.మీ.తో ముఖాన్ని స్పాట్ చేస్తే వృత్తం 40 సెం.మీ. అవుతుంది, జుట్టూ వెనుక కిటికీ అన్నీ కలిసిపోతాయి. దగ్గరికి వెళ్లి కొలిచి, ఆ అంకెలు మాన్యువల్‌లో పెట్టి, వెనక్కి వచ్చి తీయడమే మార్గం. ఇంకోటి, కొన్ని కెమెరాల్లో స్పాట్ ఎప్పుడూ ఫ్రేము మధ్యలోనే ఉంటుంది, కొన్నింట్లో ఫోకస్ పాయింట్‌తో పాటు కదులుతుంది. కెమెరాతో వచ్చిన మాన్యువల్ పుస్తకంలో చూసి తేల్చుకోండి. చాలామంది ముఖం మీద ఫోకస్ పెట్టి, మీటర్‌ను మాత్రం చొక్కా మీద వదిలేస్తుంటారు.

స్పాట్ చేసిన తర్వాత "ఇది ఏ మెట్టు మీద ఉండాలి" అనేది మీ నిర్ణయం. అమెరికన్ ఫొటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ 1939-40 ప్రాంతంలో జోన్ సిస్టమ్‌గా రూపొందించింది ఈ ఆలోచననే. జోన్ 5 అంటే మీటర్ సున్నా. ఒక్కో జోన్‌కు ఒక్కో స్టాపు. నేత కనిపించే నీడ జోన్ 3, నేత కనిపించే తెలుపు జోన్ 7.

చర్మానికి ఒకే అంకె లేదు. తెల్లని చర్మాన్ని +1 దగ్గర, చామనఛాయను సున్నా, +⅓ మధ్య, బాగా నల్లని చర్మాన్ని -1 దగ్గర ఉంచితే సహజంగా వస్తాయి. అరచేయి రంగు మాత్రం మనుషుల మధ్య అంతగా మారదు, మధ్యస్థ బూడిద కంటే సుమారు ఒక స్టాపు పైన ఉంటుంది. గ్రే కార్డ్ (18 శాతం బూడిద రంగు అట్ట) లేనప్పుడు వస్తువు మీద పడే వెలుగులోనే అరచేయి పెట్టి, దాన్ని స్పాట్ చేసి, స్కేలును +1 దగ్గర ఉంచండి. చేయి నీడలో, వస్తువు ఎండలో ఉంటే ఈ పద్ధతి పని చేయదు.

డిజిటల్‌కూ నెగటివ్ ఫిల్మ్‌కూ కొలిచే చోటు వేరు, ఇది గట్టిగా గుర్తుంచుకోండి. డిజిటల్‌లో పైకప్పు దాటిన హైలైట్ తిరిగి రాదు, నీడను మాత్రం కొంత పైకి లాగవచ్చు. అందుకని నేత కావాల్సిన అత్యంత తెల్లని చోటును స్పాట్ చేసి +2 దగ్గర పెట్టండి. నెగటివ్‌లో నీడకు చాలినంత వెలుగు అందకపోతే అక్కడ ఫిల్మ్ ఖాళీగా ఉంటుంది, ప్రింటులో ఏం చేసినా వివరం రాదు. అందుకని వివరం కావాల్సిన నీడను కొలిచి, రెండు స్టాపులు తగ్గించండి. ఉదాహరణకు నీడ ఎఫ్/8 దగ్గర 1/30 చూపిస్తే 1/125 పెట్టాలి. నీడ రీడింగునే అలాగే వాడేస్తే నీడ బూడిదవుతుంది, మిగతా అంతా రెండు స్టాపులు ఓవర్. అదే దృశ్యంలో మబ్బు ఎఫ్/8 దగ్గర 1/1000 చూపిస్తే అది 1/125 కంటే మూడు స్టాపులు పైన, అంటే జోన్ 8లో పడుతుంది. బ్లాక్ అండ్ వైట్ షీట్ ఫిల్మ్ అయితే డెవలపింగ్ తగ్గించి జోన్ 7కు దించుతారు. స్లయిడ్ ఫిల్మ్ డిజిటల్ లాగానే హైలైట్ దగ్గర కఠినం, అర స్టాపు తప్పినా కంటికి తెలుస్తుంది.

ఎర్ర పూల విషయంలో ఒక జాగ్రత్త. మొత్తం వెలుగు చూపే తెల్ల హిస్టోగ్రామ్ క్షేమంగా కనిపిస్తుంటే లోపల ఎరుపు ఛానల్ ఒక్కటే కాలిపోయి ఉంటుంది, రేకుల మీద గీతలు పోయి ఎర్రటి ముద్దలా వస్తుంది. మూడు రంగుల హిస్టోగ్రామ్ విడివిడిగా పెట్టుకుని చూడండి. రా తీసినా కెమెరా చూపే హిస్టోగ్రామ్ జేపెగ్ నుంచి వచ్చిందే, కాబట్టి పిక్చర్ స్టైల్‌ను న్యూట్రల్‌లో, కాంట్రాస్ట్ తగ్గించి పెట్టుకుంటే అది నిజానికి దగ్గరగా ఉంటుంది.

నిశ్చలఛాయ:

చేతి మీటర్ సంగతి నేను చెబుతాను. 1⅓ స్టాపు తేడాలో రెండు మీటర్లదీ తప్పు లేదు. డోమ్‌తో కొలిచేది బల్ల మీద పడే వెలుగును. కెమెరా కొలిచింది ముదురు చెక్క తిప్పి పంపిన వెలుగును. అలాంటి చెక్క పది శాతం లోపే పంపుతుంది, కాబట్టి కెమెరా "ఇంకా వెలుగు కావాలి" అంది. 1/25తో తీస్తే బల్ల మధ్యస్థ బూడిదంత తేలికగా వస్తుంది. 1/60తో తీస్తే చెక్క తన అసలు ముదురు రంగులోనే వస్తుంది. అక్కడ మ్యాట్ గ్రే కార్డ్ పెట్టి దాన్నొక్కదాన్నే కెమెరాతో స్పాట్ చేసి చూడండి, తేడా చాలావరకు పోతుంది.

డోమ్‌తో కొలిచేటప్పుడు మీటర్ వస్తువు దగ్గర ఉండాలి, మీ దగ్గర కాదు. ముఖం తీస్తుంటే గడ్డం కింద పెట్టి, డోమ్‌ను లెన్స్‌వైపు చూపండి. దీపంవైపు చూపితే నీడవైపు లెక్కలోకి రాక, ఫొటో అండర్ అవుతుంది. చేయి బాగా చాచండి. మీ ఒంటి నీడ డోమ్ మీద పడకూడదు, మీరు తెల్ల చొక్కా వేసుకుని దగ్గరగా నిలబడితే దాని వెలుగూ కలుస్తుంది. మీ కిటికీ ఫొటోకు ఇదే జవాబు. డోమ్‌ను ముఖం దగ్గర, కిటికీవైపు కాకుండా కెమెరావైపు పెట్టి కొలిస్తే ముఖం సరిగ్గా వస్తుంది, కిటికీ కాలిపోతుంది. కిటికీ అవతలి దృశ్యం కూడా కావాలంటే మీటరింగ్‌తో అయ్యే పని కాదు. బయట రీడింగు, ముఖం రీడింగు విడివిడిగా తీసుకోండి. తేడా నాలుగు స్టాపులుంటే ముఖం మీద ఫ్లాష్ గానీ రిఫ్లెక్టర్ గానీ వేసి ఆ తేడాను తగ్గించాలి.

దీపాలను ఒక్కొక్కటిగా పోల్చడానికి మాత్రం డోమ్‌ను లోపలికి దించి గానీ, చదును డిస్క్ పెట్టి గానీ దీపంవైపు చూపాలి. కీ లైట్ (ప్రధాన దీపం) ఎఫ్/8, ఫిల్ లైట్ (నీడలు నింపే దీపం) ఎఫ్/4 వస్తే తేడా రెండు స్టాపులు, అంటే కీ నాలుగు రెట్లు. పుస్తకం పేజీలు, పెయింటింగులు కాపీ చేసేటప్పుడు కూడా చదునుగానే ఉంచి, నాలుగు మూలలా మధ్యలో కొలవండి. పదో వంతు స్టాపులో చూపే మీటర్ అయితే మూలల మధ్య తేడా 0.2 దాటకుండా దీపాలు జరపండి.

ఎండలో పది అడుగులు జరిగినా రీడింగు మారదు. దీపం దగ్గర అలా కాదు. మీటరు దూరం నుంచి 1.4 మీటర్లకు జరిగితే ఒక స్టాపు, రెండు మీటర్లకు జరిగితే రెండు స్టాపులు పోతాయి. ఇద్దరు మనుషులు ఒకే దీపానికి వేర్వేరు దూరాల్లో ఉంటే ఇద్దరి దగ్గరా కొలవాల్సిందే.

డోమ్ పనికిరాని చోట్లున్నాయి. సూర్యాస్తమయం, నియాన్ బోర్డులు, వెనుక వెలుగుతో మెరిసే ఆకులు, మనం వెళ్లలేని వేదిక. వాటి మీద పడే వెలుగు కాదు, వాటి నుంచి వచ్చే వెలుగే ముఖ్యం కాబట్టి స్పాట్ వాడాలి.

చేతి మీటర్‌కు మీ లెన్స్ ముందు ఏముందో తెలియదు. పోలరైజర్ ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు తింటుంది, మీరే కలుపుకోవాలి. ఫిల్టర్ మీద ఫ్యాక్టర్ 4 అని ఉంటే రెండు స్టాపులు, 8 అయితే మూడు. లెన్స్‌ను కెమెరా నుంచి ముందుకు జరిపే ఎక్స్‌టెన్షన్ ట్యూబులతో గానీ బెల్లోస్‌తో గానీ మాక్రోలో 1:1కి (వస్తువు అసలు పరిమాణానికి) చేరితే రెండు స్టాపులు పోతాయి. జూమ్ లెన్సుల్లో గాజు ఎక్కువ కాబట్టి ఎఫ్/2.8 అని రాసి ఉన్నా సెన్సర్‌కు చేరేది మూడో వంతు స్టాపు తక్కువ ఉండొచ్చు.

నీడపట్టు:

అందరికీ ధన్యవాదాలు. గ్రే కార్డ్‌తో అదే బల్ల దగ్గర చూశాను. ఐఎస్ఓ 400, ఎఫ్/5.6లో చేతి మీటర్ 1/60, కార్డ్‌ను స్పాట్ చేసిన కెమెరా 1/80. ఇంకా మూడో వంతు స్టాపు మిగిలింది, ఈసారి తిరగబడి. ఇప్పుడు కెమెరాయే తక్కువ ఎక్స్‌పోజర్ అడుగుతోంది. కార్డ్‌ను ఎలా పట్టుకోవాలో కూడా చెప్పండి.

మధ్యబూడిద:

ఆ మూడో వంతు ఉండాల్సిందేనండీ. కార్డ్ 18 శాతమే, కానీ మీటర్లను 18 శాతానికి సరిపెట్టరు. రిఫ్లెక్టెడ్ మీటర్లకు (తిరిగొచ్చే వెలుగును కొలిచేవి) ఒక స్థిరాంకం ఉంటుంది. కానన్, నికాన్, సెకోనిక్ 12.5 వాడితే, పెంటాక్స్, మినోల్టా 14 వాడాయి. డోమ్ మీటర్లకు వేరే స్థిరాంకం. రెండూ కలిపి లెక్క వేస్తే చేతి మీటర్‌తో ఏకీభవించే ఉపరితలం 12 శాతం చుట్టుపక్కల వస్తుంది. 18 శాతం కార్డ్ దానికంటే మూడో వంతు నుంచి అర స్టాపు దాకా తెల్లగా ఉంది కాబట్టి కెమెరా అంత తక్కువ అడిగింది. కార్డ్ రీడింగు మీద ⅓ కలపండి, రెండూ కలిసిపోతాయి.

కార్డ్‌ను నిటారుగా దీపానికి ఎదురుగా పెట్టకండి. దీపానికీ లెన్స్‌కూ సరిగ్గా మధ్య దిశలో పెట్టినా అద్దంలా మెరిసి తెల్లబడుతుంది. లెన్స్‌వైపే ఎక్కువ ముఖం ఉండేలా, దీపంవైపు కొద్దిగా వంచి పట్టుకోండి. కోణం కాస్త మార్చి చూడండి. ఒక్కసారిగా రీడింగు ఎగిరితే అది మెరుపు, ఆ కోణం వదిలేయాలి.

ఒక డిగ్రీ:

కార్డ్‌కు ⅓ కలపమన్నదానితో నెగటివ్ ఫిల్మ్ వరకు పూర్తిగా ఏకీభవిస్తాను. డిజిటల్‌లో నేనైతే ఆ మూడో వంతును కళ్లు మూసుకుని కలపను. తెల్ల గోడ పరీక్షలో పైకప్పు +2½ దగ్గరే వచ్చిన కెమెరాలో, తెల్ల దుస్తులున్న ఫ్రేముకు ఆ మూడో వంతే హద్దు దాటిస్తుంది. ముందు పైకప్పు చూసుకుని, ఆ తర్వాత కార్డ్‌ను నమ్మండి.

నిశ్చలఛాయ:

పాత ఫిల్మ్ కెమెరా గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి.

మీటర్ నిజంగా చచ్చిపోయిందో లేదో ముందు తేల్చండి. అనేక పాత సీడీఎస్ (కాడ్మియం సల్ఫైడ్ సెల్ ఉన్న) మీటర్లు 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీలకు చేసినవి, అవి ఇప్పుడు దొరకవు. 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే ముల్లు కదులుతుంది, రీడింగు తప్పుతుంది, పైగా బ్యాటరీ అరిగేకొద్దీ ఆ తప్పు కూడా మారుతుంటుంది. 1.4 వోల్టుల దగ్గర నిలకడగా ఉండే జింక్ ఎయిర్ బ్యాటరీ వేసి, చేతి మీటర్ పక్కన పెట్టి, మసక వెలుగులో ఒకసారి, ఎండలో ఒకసారి పోల్చండి. రెండు చోట్లా ఒకే తేడా ఉంటే ఫిల్మ్ స్పీడ్ డయల్‌ను అంత మేర జరిపి వాడుకోవచ్చు. ఎండలో ఒకలా నీడలో ఇంకోలా ఉంటే దాన్ని పక్కన పెట్టేయడమే మంచిది. సీడీఎస్ సెల్ ఎండను చూసిన తర్వాత కొంతసేపు ఆ ప్రభావంలోనే ఉంటుంది, అందుకే లోపలికి వచ్చాక కాసేపు ఆగి కొలవాలి. బ్యాటరీయే లేని సెలీనియం మీటర్ అయితే సెల్ పాతబడి బలహీనపడి ఉండొచ్చు, దానికి బ్యాటరీ మందు లేదు.

మీటర్ లేకుండా కూడా బయట పని నడుస్తుంది. నిండు ఎండలో ఎఫ్/16, షట్టర్ మాత్రం ఫిల్మ్ స్పీడుకు దగ్గర అంకె: 400 ఫిల్మ్‌కు 1/500, 100 ఫిల్మ్‌కు 1/125. నీడ అంచులు మెత్తబడితే ఎఫ్/11. నీడలు లేని మబ్బుకు ఎఫ్/8, దట్టమైన మబ్బుకు ఎఫ్/5.6. ఆకాశం కనిపించే చెట్టు నీడలో ఎండ కంటే మూడు నుంచి నాలుగు స్టాపులు ఎక్కువ. ఇది సూర్యుడు బాగా పైన ఉన్నప్పటి లెక్క. ఉదయం సాయంత్రం చివరి గంటల్లో వాడకండి. ముందు అంకె ఊహించి, తర్వాత చేతి మీటర్ చూస్తూ ఉంటే కన్ను త్వరగా పదునెక్కుతుంది. అనుమానంగా ఉంటే కలర్ నెగటివ్‌కు ఒక స్టాపు ఎక్కువే ఇవ్వండి, అది తట్టుకుంటుంది. తక్కువ ఇస్తే నీడల్లో గ్రెయిన్ బురదగా వస్తుంది.

రాత్రి తీసేటట్టయితే ఇంకో సంగతి. మీటర్ ఒక సెకనుకు మించి చెప్పినప్పుడు చాలా ఫిల్ములు ఆ లెక్కకు తగ్గట్టు స్పందించవు, అదనంగా సమయం ఇవ్వాలి. ఎంత అన్నది ఫిల్మ్‌ను బట్టి బాగా మారుతుంది, కాబట్టి మీరు వాడే ఫిల్మ్ డేటాషీట్‌లోని రెసిప్రాసిటీ పట్టిక తీసి దగ్గర పెట్టుకోండి. చేతి మీటర్‌కు ఈ విషయం తెలియదు.